సైడ్ బెండ్స్ చేస్తే నడుం సన్నబడుతుందా, లావవుతుందా: ఒక అక్క కేసు, టేపు లెక్కలతో సహా

తిరుపతిలో ఎక్సర్‌సైజ్ క్లాసులో లేడీస్ బ్యాచ్ చూసుకుంటా ఉన్నా. పిల్లల్ని స్కూలుకి పంపేసి వచ్చేవాళ్ళు, సాయంత్రం డ్యూటీ అయ్యాక వచ్చేవాళ్ళు. జాయిన్ అయిన రోజే దాదాపు అందరూ అడిగేది రెండు మాటలు. ఒకటి, సైడ్ ఫ్యాట్ పోవాలంటే ఏం ఎక్సర్‌సైజ్ చేయాలి. రెండోది, సైడ్ ఎక్సర్‌సైజులు చేస్తే కండ పట్టి నడుం వెడల్పైపోతుందంట కదా అని. రెండూ ఒకే మనిషి ఒకే నోటితో అడుగుతుంది, అంటే అదే ఎక్సర్‌సైజ్ సన్నబెట్టాలి, అదే లావు చేస్తుందేమోనని భయం కూడా. ఈ కేసులో అక్క కూడా అంతే. ఆమె సరే అన్నాకే రాస్తా ఉన్నా, పేరు, పని చేసే స్కూలు రాయను.

వయసు 39, ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే, చిన్నోడికి ఐదేళ్ళు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 63.2 కేజీలు, అంటే బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 25.6. చూస్తే లావు మనిషి అనరు ఎవరూ, చేతులు కాళ్ళు సన్నగానే ఉంటాయి, ఉన్నదంతా పొట్ట దగ్గరే. మన ఇండియా వాళ్ళకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, ఎందుకంటే అదే బీఎమ్ఐకి తెల్లవాళ్ళ కంటే మనకి ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటుంది, అదీ పొట్ట దగ్గర. పూణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన ఫోటో దిగి 2004లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వేశారు, ఇద్దరి బీఎమ్ఐ 22.3 అచ్చంగా ఒకటే, కానీ కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అక్కకి ఆ ఫోటో చూపించా, "అయితే నా తప్పేం లేదన్న మాట" అని నవ్వేసింది. వాళ్ళమ్మకి షుగర్ ఉంది, ఈమె హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 5.8 వచ్చింది, 5.7 నుంచే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు అంటారు. అందంకోసం వచ్చినా నేను సీరియస్‌గా తీసుకున్నది ఈ నంబర్ చూసి.

నా దగ్గరికి రాకముందు నాలుగైదు నెలలుగా ఫోన్‌లో వీడియోలు చూసి ఇంట్లోనే చేస్తా ఉండేది. రోజూ 100 క్రంచెస్ (పడుకుని తల, భుజాలు పైకి లేపేది), 5 కేజీల డంబెల్‌తో పక్కకి 50 చొప్పున సైడ్ బెండ్స్ (నిలబడి నడుం పక్కకి వంచి లేచేది), రష్యన్ ట్విస్టులు (కూర్చుని నడుం ఇటూ అటూ తిప్పేది), ఇంకా పార్కుకి పోతే అక్కడ గుండ్రంగా తిరిగే ట్విస్టర్ మీద నిలబడి పది నిమిషాలు. (ఆ ట్విస్టర్ గురించి ఒక మాట, దాంట్లో కండరానికి అడ్డుపడే బరువే లేదు, ఊరికే ఇటూ అటూ ఊగడమే, పొద్దున్నే దానికోసం క్యూ చూస్తే మాత్రం నాకు జాలేస్తుంది.) ఆమె కంప్లైంట్ ఆమె మాటల్లోనే: "ఏం పాపా, ఇన్ని నెలలు చేస్తా ఉండానే, పావడ బొందు యాడ కట్టేదాన్నో ఆడే కడతా ఉండా, పైగా మా పిన్ని కూతురు సైడ్ బెండ్స్ చేయవాకు నడుం షేపు పోతుంది అంటా ఉంది."

ముందు టేపు సంగతి. ఈ ఒక్కటి సరిగ్గా చేయకపోతే మిగతాదంతా దండగ. చాలామంది టేపు పావడ బొందు గుర్తు దగ్గరే పెట్టేస్తారు, ఆ గుర్తు చీర కట్టే అలవాటుని బట్టి పైకి కిందకి పోతుంటుంది. ఇంకొందరు బొడ్డు దగ్గర, అది పొట్ట జారిన కొద్దీ కిందికి దిగుతుంది. డబ్ల్యూహెచ్ఓ చెప్పే చోటు వేరే, చివరి పక్కటెముక కింది అంచుకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో, రెండు ఎముకలూ వేలితో తడిమి పెన్నుతో చుక్క పెట్టుకుని కొలవాలి. టేపు నేలకి సమానంగా ఉండాలి, ఒంటికి ఆనాలి కానీ లోపలికి నొక్కుకోకూడదు, ఊపిరి మామూలుగా వదిలేసిన చివర్లో చూడాలి. ఇక్కడే మన ఆడోళ్ళతో కష్టం, టేపు చూడగానే తెలీకుండానే పొట్ట లోపలికి లాగేస్తారు. నేను ఏం చేస్తానంటే కొలిచేటప్పుడు పిల్లల పేర్లు, ఏ క్లాసు, ఏ స్కూలు అని వరసగా చెప్పమంటా, మాట్లాడుతూ ఊపిరి అయిపోయే చోట చూసి రాసుకుంటా. పొద్దున్నే, ఏం తినకముందు, బాత్రూమ్‌కి పోయొచ్చాక. పీరియడ్స్‌కి ముందు వారం కొలవను, నీరు పట్టి ఉబ్బరం వల్ల రెండు సెంటీమీటర్లు దాకా తేడా కనిపిస్తుంటుంది నాకు, అది చూసి ఏడ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

అక్కకి రెండు చోట్లా కొలిచా. మధ్య చుక్క దగ్గర 89.5 సెంటీమీటర్లు. బొడ్డు దగ్గర, వదులుగా నిలబడినప్పుడు 95. పక్కన తుంటి ఎముక మీద చర్మం, కొవ్వు కలిపి పట్టుకుని క్యాలిపర్‌తో (మడత మందం కొలిచే పట్టకారు లాంటిది) చూస్తే 30 మిల్లీమీటర్లు. మన ఆడవాళ్ళకి నడుం కొలత 80 దాటితే జాగ్రత్త పడాలి, మగవాళ్ళకైతే 90.

రెండో చెక్, రెండు కాన్పులు అయిన ఎవరికైనా తప్పకుండా చేస్తా. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తల కొంచెం పైకెత్తమన్నా, బొడ్డుకి పైన మధ్య గీత మీద వేళ్ళు పెట్టి చూస్తే రెండున్నర వేళ్ళు దూరేంత గ్యాప్, పైగా తల ఎత్తగానే మధ్యలో గట్టులాగా పొడుచుకొచ్చింది. డయాస్టాసిస్ అంటారు దీన్ని, కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ముందున్న రెండు రెక్టస్ కండరాల మధ్య ఉండే పట్టీ సాగిపోయి కొందరికి మళ్ళీ పూర్తిగా దగ్గరికి రాదు. హెర్నియా ఏమైనా ఉందేమో తేల్చడం నా పని కాదు కాబట్టి సర్జన్‌కి చూపించుకుని రమ్మన్నా, లేదన్నారు, ఫిజియో కూడా చూసి కొన్ని ఎక్సర్‌సైజులు చెప్పి పంపింది. అంటే ఇన్నాళ్ళూ ఈమె చేసిన రోజుకి 100 క్రంచెస్‌లో ప్రతిసారీ ఆ గట్టు బయటికి పొడుచుకొస్తానే ఉంది, కండరం బిగుసుకోవాల్సిన చోట పట్టీ మీద తోపు పడతా ఉంది. క్రంచెస్ ఆపించేశా.

అప్పుడు తిండి గురించి ఎత్తితే, "తిండి మాత్రం ముట్టుకోవాకు పాపా, ఇంట్లో అత్తగారు, పిల్లలు, నాకొకదానికి వేరే వండుకునే ఓపిక లేదు" అని తేల్చి చెప్పేసింది. సరే అన్నా. నిజం చెప్పాలంటే నాకూ అది మంచిదే అనిపించింది, ఒక్క అబ్స్ (పొట్ట ముందు కండరాలు), ఆబ్లిక్స్ (నడుం పక్క కండరాలు) ట్రైనింగ్ తప్ప ఏమీ మార్చకుండా ఏమవుతుందో టేపు మీద చూసే చాన్స్ మామూలుగా దొరకదు. అందరికీ అన్నీ ఒకేసారి మార్చేస్తాం, తర్వాత ఏది పని చేసిందో ఎవరికీ తెలీదు.

మొదటి 6 వారాలు

వారానికి నాలుగు రోజులు, అరగంట. వెల్లకిలా పడుకుని ఎదురెదురు చెయ్యి, కాలు చాపే డెడ్ బగ్, పడుకుని మడమ జార్చేది, మోకాళ్ళ మీద సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు లేపి ఆపేది), బ్యాండ్ పక్కకి లాగుతున్నా నడుం తిరగకుండా చేతులు ముందుకి చాపే పాలాఫ్ ప్రెస్, ఒక చేత్తో బరువు పట్టుకుని నిటారుగా నడిచే సూట్‌కేస్ క్యారీ. సైడ్ బెండ్స్ నేను తీసేయలేదు, ఇంకా బరువు పెంచా, 5 కేజీలతో 50 బదులు 10 కేజీలతో పక్కకి 12, మూడు సెట్లు. ఆ భయం కూడా టేపుతోనే తేలనీ అని. అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది ఊపిరి వదులుతూ పొట్ట చుట్టూ బిగించడం నేర్పడానికి. ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్ అని అన్నిటికన్నా లోపల ఉండే పొర, నడుం చుట్టూ అడ్డంగా ఉంటుంది, అది పట్టు తప్పితే పొట్ట ముందుకి వాలుతుంది.

6 వారాల తర్వాత లెక్కలు: బరువు 63.4, అంటే ఏమీ మారలేదు. పక్కన క్యాలిపర్ 30కి 30. మధ్య చుక్క దగ్గర 89.5 నుంచి 89, టేపులో అర సెంటీమీటర్ అనేది కొలిచే చెయ్యి తేడాలో పోతుంది, దాన్ని తగ్గుదల అనుకోను. కానీ బొడ్డు దగ్గర 95 నుంచి 93. సైడ్ ప్లాంక్ 15 సెకన్ల నుంచి నిమిషం దాటింది. గ్యాప్ రెండు వేళ్ళకి వచ్చింది, గట్టు పొడుచుకురావడం ఆగింది. అక్క అయితే "బొందు వదులైంది" అని సంతోషం, నేనేమో కొవ్వు గ్రాము కూడా పోలేదక్కా అని చెప్పి ఆ సంతోషం చెడగొట్టా.

రెండూ నిజమే. బొడ్డు దగ్గర తగ్గిన 2 సెంటీమీటర్లు కొవ్వు కాదు, నిలబడే తీరు. ముందు నడుం వెనక్కి వంచి పొట్ట ముందుకి వదిలేసి నిలబడేది, క్లాసులో గంటలు గంటలు నిలబడే టీచర్లలో ఇది చాలా చూస్తా, ఇప్పుడు పక్కటెముకలు తుంటి మీద నిటారుగా కూర్చున్నాయి, లోపలి పొర కొంచెం పట్టు తెచ్చుకుంది. అందుకే పొట్ట ముందుకు వచ్చే చోట తేడా తెలిసింది, కొవ్వు కొలిచే చోట తెలీలేదు.

ఎందుకు తెలీలేదంటే, కండరం పని చేసేటప్పుడు దాని మీదున్న కొవ్వునే పీల్చుకుని తినదు. ఒంట్లో ఎక్కడెక్కడి కొవ్వు కణాలో హార్మోన్ల మాట విని కొవ్వుని రక్తంలోకి వదులుతాయి, కండరం ఆ రక్తంలోంచి తీసుకుంటుంది. ఏ చోట ముందు వదలాలి అనేది మన జీన్స్, హార్మోన్లు, వయసు చూసుకుంటాయి. పరుపు కింద మంచం ఎంత గట్టిగా బిగించినా పరుపు మందం తగ్గదు కదా, అదే లెక్క. 1984లో అమెరికాలో ఒక ప్రయోగంలో 27 రోజుల్లో మనిషికి 5,004 సిటప్స్ చేయించి, పొట్ట, వీపు, పిరుదు మూడు చోట్లా సూదితో కొవ్వు కణాలు తీసి చూశారు, పొట్ట దగ్గర ప్రత్యేకంగా ఏమీ ఎక్కువ తగ్గలేదు. 2011లో ఇంకోటి, ఏడు రకాల అబ్స్ ఎక్సర్‌సైజులు వారానికి ఐదు రోజులు 6 వారాలు, తిండి మార్చకుండా. పొట్ట కొవ్వు తగ్గలేదు, ఓపిక మాత్రం బాగా పెరిగింది. నా అక్క లెక్క దాదాపు దానికి కాపీలాగానే వచ్చింది. పూర్తిగా ఒకవైపే చెప్పకూడదు కాబట్టి ఇదీ చెప్తా, 2023లో నార్వే నుంచి ఒక చిన్న స్టడీ వచ్చింది, ఎక్కువ బరువున్న మగవాళ్ళతో 10 వారాలు అబ్స్ ఎక్సర్‌సైజులనే కార్డియోలాగా చాలాసేపు చేయిస్తే, ట్రెడ్‌మిల్ వాళ్ళతో పోలిస్తే మొండెం దగ్గర కొవ్వు కొంచెం ఎక్కువ పోయింది, అదీ ముప్పావు కేజీ కంటే తక్కువే, మొత్తం కొవ్వు తగ్గింది చూస్తే రెండు గ్రూపులకీ సమానమే. కొద్దిమంది మీద చేసింది. దాన్ని పట్టుకుని నేను ఎవరికీ మాట ఇవ్వను.

ఇక లావైపోయే భయం. దీనికి మాటలు కాదు, లెక్క వేసి చూపించా. పక్కన మూడు పొరలు ఉంటాయి, ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్, ఇంటర్నల్ ఆబ్లిక్, దాని లోపల ట్రాన్స్‌వర్స్. మూడూ కలిపి మామూలు మనిషికి సుమారు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మందం, అంతే. బాగా బరువులతో కష్టపడి 20 శాతం మందం పెంచారే అనుకుందాం, ఆడవాళ్ళకి అది చిన్న పనేం కాదు, అయినా పక్కకి 3, 4 మిల్లీమీటర్లు. రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో ఒక సెంటీమీటర్, కొంచెం అటూ ఇటూ. అదే ఆమె పక్కన కొవ్వు మడత 30 నుంచి 22కి దిగితే, మడతలో రెండు పొరలు ఉంటాయి కాబట్టి అసలు తగ్గింది 4 మిల్లీమీటర్లు, చుట్టూ అంతే తగ్గిందనుకుంటే చుట్టుకొలతలో రెండున్నర సెంటీమీటర్లు పోతుంది. సైడ్ బెండ్స్‌తో నడుం పెరిగింది అని నా దగ్గరికి వచ్చినవాళ్ళని బరువు చూపించమంటే కేజీయో రెండు కేజీలో పెరిగే ఉంటారు, ఎక్సర్‌సైజ్ చేశాం కదా అని సాయంత్రం ఇంకో ప్లేటు లాగించి. స్టేజీ ఎక్కే బాడీబిల్డర్లు బరువైన సైడ్ బెండ్స్ వద్దనుకోవడం వేరే కథ, వాళ్ళకి ఒంటి మీద కొవ్వు దాదాపు ఉండదు, అర సెంటీమీటర్ కూడా జడ్జికి కనిపిస్తుంది. పావడ కట్టేవాళ్ళకి ఆ బాధ లేదు.

తర్వాత 14 వారాలు

89 నుంచి కదలని టేపు చూసి అక్కే దిగొచ్చింది. "సరే చెప్పు పాపా, ఏం తీసేయాల" అంది. తీసేసిన వస్తువు ఒక్కటీ లేదు, ముందు వారం రోజులు తిన్నవన్నీ రాయమన్నా. పొద్దున మూడు దోసెలు, శెనక్కాయల ఊరిబిండి, మధ్యాహ్నం బాక్సులో అన్నం, సాయంత్రం వచ్చీ రాగానే మసాలా బొరుగులో మిక్చరో, రాత్రి మళ్ళీ అన్నం, దాని మీద పిల్లలు వదిలేసింది పారేయబుద్ధి కాక అదీ. మధ్యలో కాఫీలు ఐదు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్లు చక్కెర. స్టాఫ్ రూమ్ కాఫీ అనేది తిండి కింద లెక్కే కాదు అనుకునేది ఆమె. స్పూన్ చక్కెర 20 కేలరీలు, ఐదు కాఫీలు రెండేసి స్పూన్లు అంటే 200. మూడు కాఫీలు, ఒక్కో స్పూన్ చేశాం, 140 అక్కడే పోయింది. ఐదుగురున్న ఇంట్లో నెలకి 5 లీటర్ల నూనె, మూడున్నరకి దింపాం, అంటే మనిషికి రోజుకి ఇంకో 80. అత్తగారికి కూడా వేరే వంట అక్కర్లేదని అర్థమయ్యాక గొడవ లేకుండా పోయింది. ఊరిబిండి ఆపలేదు, శెనక్కాయలు ఆరోగ్యమే కానీ గుప్పెడు, 30 గ్రాములంటే 170 కేలరీలు ఉంటాయి, గరిటెతో వేసుకునేది స్పూన్‌తో అయింది. రాత్రి అన్నం బదులు చిన్న సంగటి ముద్ద, పప్పో, గుడ్లో, ఆదివారమైతే నాటుకోడి పులుసో. రాగిలో మాయ ఏం లేదు, కేలరీలు బియ్యానికి దగ్గర దగ్గరే, కాకపోతే ముద్ద ఒకటి అంటే ఒకటే, అన్నం అయితే మారు వడ్డించుకునేది ఎన్నిసార్లో చెప్పలేం. ఇంక గుడ్లు, పెరుగు, పప్పు కలిపి ప్రొటీన్ కొంచెం పెంచా.

ఎక్సర్‌సైజులో అబ్స్‌ని అరగంట నుంచి చివర్లో పది నిమిషాలకి కుదించా, వారానికి మూడు రోజులు. మిగతా టైమంతా స్క్వాట్స్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, రోయింగ్, పుష్ లాంటి పెద్ద కండరాల పని. సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండ్‌లో ముక్కాలు గంట నడక. నెలకోసారి శనివారం అలిపిరి మెట్లు ఎక్కి పోయేది, అది నేను చెప్పింది కాదు, మొక్కు. 3,550 మెట్లు అంటే కాళ్ళకీ గుండెకీ మంచి పనే, కానీ కొండెక్కితే పొట్ట పోతుంది అనేవాళ్ళకి నేను చెప్పేది, పైన వెంగమాంబ అన్నప్రసాదంలో సాంబారన్నం తృప్తిగా తిని, కిందికి బస్సులో దిగి, ఇంటికొచ్చి లడ్డూలు పంచుతూ తనూ తింటే లెక్క ఎటూ కాకుండా సరిపోతుంది. స్వామి దర్శనానికి పోండి, నడుం కొలత కోసం మిగతా 29 రోజులు చూసుకోండి.

14 వారాల చివర బరువు 58.9. మధ్య చుక్క 89 నుంచి 83.5. బొడ్డు దగ్గర 93 నుంచి 87. పక్కన మడత 30 నుంచి 21. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఏంటంటే, మడతలో తగ్గిన 9 మిల్లీమీటర్ల వల్ల చుట్టుకొలతలో పోవాల్సింది మూడు సెంటీమీటర్ల కంటే తక్కువే, కానీ పోయింది ఐదున్నర. మిగతాది చేత్తో పట్టుకోలేని లోపలి కొవ్వు, పేగుల చుట్టూ పేరుకునేది, షుగర్‌కి దారి తీసేది అదే, తిండి తగ్గి నడక పెరిగితే ముందుగా కదిలేదీ ఎక్కువగా అదే. కొంత ఉబ్బరం తగ్గడం కూడా ఉండొచ్చు. కేలరీల లెక్క కూడా సరిపోయింది, కేజీ కొవ్వుకి సుమారు 7,700 చొప్పున నాలుగున్నర కేజీలంటే రోజుకి 350 దాకా లోటు, కాఫీ, నూనె, రాత్రి ముద్ద, నడక కలిపితే అక్కడికే వస్తుంది.

ఈ 14 వారాల్లో సైడ్ బెండ్స్ బరువు 12.5 కేజీలకి పోయింది, సూట్‌కేస్ క్యారీ 16కి. నడుం షేపు పోతుందన్న పిన్ని కూతురే బ్లౌజ్ కొలతలు ఎందుకు మారాయి అని అడిగిందంట.

ఆపేసిన రెండు నెలలు

ఇది ప్లాన్ కాదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్, దాని మీద పిల్లల పరీక్షలు, క్లాసుకి రావడం కుదర్లేదు. ఇంట్లో అబ్స్ అయినా చేసుకో అక్కా అన్నా, "చేస్తాలే" అంది, చేయలేదని నాకు తెలుసు. కానీ తిండి పద్ధతి ఇంటి పద్ధతే అయిపోయింది కాబట్టి అది ఆగలేదు, ఆసుపత్రి కారిడార్లలో నడక ఎలాగూ ఉంది. తిరిగొచ్చాక బరువు 59.1, మధ్య చుక్క 83.5, మడత 21. రెండు నెలలు ఒక్క సైడ్ ప్లాంక్ లేకపోయినా నడుం కొలత మిల్లీమీటర్ కదల్లేదు. బొడ్డు దగ్గర మాత్రం 87 నుంచి 88.5, సైడ్ ప్లాంక్ సగానికి పడిపోయింది, నడుం నొప్పి మళ్ళీ మొదలైందంది, అదొకటి నేను రాయడం మర్చిపోయా, మొదట్లో గంటసేపు నిలబడితే నడుం పట్టేసేది, ఆరో వారానికే పోయింది, మానేశాక మళ్ళీ వచ్చింది. కాబట్టి నన్నడిగితే అబ్స్, ఆబ్లిక్స్ చేయించేది దీనికి: నొప్పి, నిలబడే తీరు, బిందె ఎత్తినా పిల్లోడ్ని ఎత్తినా నడుం ఆగడం, కాన్పు తర్వాత మధ్య గీత పట్టు. టేపు కోసమైతే ఐదు కాఫీల దగ్గర మొదలుపెడతా.

హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయిస్తే 5.5 వచ్చింది. ఇప్పుడు మళ్ళీ వారానికి మూడు రోజులు వస్తా ఉంది, సైడ్ బెండ్స్ 10 కేజీల నుంచి మొదలుపెట్టాం, గ్యాప్ ఒకటిన్నర వేలు దగ్గర ఉంది, ఇంతకంటే దగ్గరికి వస్తుందని నేను ఆశపెట్టలేదు, గట్టు రాకుండా ఉంటే చాలు. 80కి ఇంకా మూడున్నర సెంటీమీటర్లు ఉంది, తొందరేం లేదు అన్నా. వచ్చే కొలత సంక్రాంతి అయిన పది రోజులకి పెట్టుకున్నాం, ముందే కొలుద్దామంటే అరిసెలు ఉన్నాయి పాపా అని ఆమే వాయిదా వేయించింది.